నలభై అయిదు నాటి టేపు

1999 ఏప్రిల్ రెండో వారంలో నన్ను సిడ్నీలోని ఒక పాటల భాండాగారానికి పంపించారు. హోదా ప్రోగ్రామర్ అనలిస్టు. నా పైన ఒక టీమ్ లీడు, ఆయన పైన ఫోనులో గొంతు తప్ప మనిషి ఎన్నడూ కనపడని ఒక ప్రాజెక్టు మేనేజరు. పని వైటూకే మరమ్మతు. గడువు ఆగస్టు ఆఖరు.

భాండాగారం అనగానే గొప్పగా ఊహించుకోనక్కరలేదు. వలస వచ్చినవాళ్ల భాషల్లో కార్యక్రమాలు వేసే ఒక చిన్న రేడియో సంస్థకు అనుబంధంగా, సెంట్రల్ స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో, ఒక పాత గిడ్డంగి కింది భాగం అది. కిటికీలు లేవు. ఇనుప అరల నిండా అట్టపెట్టెలు, పెట్టెల్లో రీలు టేపులు. గ్రీకు, ఇటాలియన్, అరబ్బీ, వియత్నామీ, ఆఖరి వరసలో ఇండోనేషియా, మలయా పాటలు. గోడలకు చెమ్మ, పైన గొట్టాల్లో ఎప్పుడూ నీళ్ల చప్పుడు. టూంగాబీలో నలుగురు తెలుగువాళ్లం కలిసి తీసుకున్న ఇంటినుంచి పొద్దున్నే రైలెక్కి ఆ నేలమాళిగలో దిగితే, మళ్లీ పైకి వచ్చేసరికి వెలుతురు పోయి ఉండేది. ఆ నెలల్లో సిడ్నీని చూశానని నేను చెప్పుకోలేను.

పని ఏమిటో ఇప్పటివాళ్లకు కొంచెం చెప్పాలి. కంప్యూటర్లో చోటు ఖరీదుగా ఉన్న రోజుల్లో సంవత్సరాన్ని రెండు అంకెల్లోనే దాచేవాళ్లం. 1987 అంటే 87. రెండువేల సంవత్సరం వస్తే అది 00 అవుతుంది, యంత్రం దాన్ని 1900 అనుకుంటుంది. ఈ భాండాగారంలో పాత కేటలాగును నాలుగంకెల సంవత్సరం ఉన్న కొత్త సిస్టంలోకి మార్చాలి. ఒక్కో రికార్డూ తెరిచి మనిషి చేత రాయించాలంటే ఏడాది పడుతుంది. అందుకని విండోయింగ్ అనే పద్ధతి వాడేవాళ్లం. ఎక్కడో ఒక గీత గీసుకుంటాం. గీతకు ఇవతలి అంకెల ముందు 20, అవతలి అంకెల ముందు 19 తగిలించమని ప్రోగ్రాముకు చెబుతాం. మా కంపెనీ ఆ గీతను యాభై దగ్గర గీసింది. 00 నుంచి 49 దాకా రెండువేల తర్వాతివి, 50 నుంచి 99 దాకా పందొమ్మిది వందలవి. ఈ లెక్క ఉన్న, కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాము ముక్కను కాపీబుక్ అంటారు. ఒకసారి రాసిపెట్టుకుని వెళ్లిన ప్రతి చోటా అతికించడమే. లారీ కంపెనీలకు అతికించాం, గోదాములకు అతికించాం, ఎక్కడా తేడా రాలేదు. తేడా రాని పనిని మళ్లీ తెరిచి చూసే ఓపిక ఆ సంవత్సరం ఎవరికీ లేదు.

నాకప్పటికి నలభై ఆరేళ్లు. నంద్యాల దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు జీతాల ప్రోగ్రాములు రాసి, ఆ ఫ్యాక్టరీ మూతపడే దశకు వచ్చాక ఈ ఉద్యోగంలో చేరాను. టీమ్ లీడు ప్రసాద్‌ది తెనాలి, ముప్పై ఒకటో ఏడు. హోదాలో నాకు పైవాడు, వయసులో చిన్నవాడు. అందుకని నేను ఆయన్ని సార్ అనేవాణ్ణి, ఆయన నన్ను మస్తాన్ గారూ అనేవాడు. ఆ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉండేది.

మలయా వరస చివర, నా బల్లకు ఆనుకుని ఇంకో బల్ల ఉండేది. అది హారూన్ గారిది. వాళ్ల ఇండోనేషియా భాషలో పెద్దవాళ్లను బపాక్ అంటారు, మనం అయ్యా అన్నట్టు. అక్కడ అందరూ ఆయన్ని బపాక్ అనేవాళ్లు. డెబ్భై నాలుగేళ్లు. సన్నటి మనిషి, అద్దాల మందం చూస్తే భయం వేసేది. జీతం లేకుండా, వారానికి నాలుగు రోజులు వచ్చి ఇండోనేషియా, మలయా టేపుల కేటలాగు టైపు చేసేవాడు. పదేళ్లుగా అదే పని. ఆ వరసలోని ప్రతి రికార్డూ ఆయన వేళ్లమీదుగా పోయిందే.

నన్ను ఆయన నాక్ అని పిలిచేవాడు. బిడ్డా అని అర్థం. శుక్రవారాలు ఇద్దరం కలిసి నమాజుకు నడిచి వెళ్లేవాళ్లం. దారిలో పాటల గురించి చెప్పేవాడు. అక్కడ చిన్న గిటారులాంటి వాద్యంతో పాడే పాత బాణీలను క్రొంచొంగ్ అంటారట. మెల్లగా, దిగులుగా సాగుతాయి. స్వాతంత్ర్యం కోసం పోరాడిన రోజుల్లో కొత్త బాణీలు కట్టే తీరిక లేక, కుర్రవాళ్లు ఆ ప్రేమపాటల్లో అమ్మాయి పేరు తీసేసి దేశం పేరు పెట్టి పాడేవాళ్లట. దేశాన్ని తనా ఆయిర్ అంటారు, నేల నీరు అని. ఆ మాట నాకు నచ్చింది. మాకు నేలుంటే నీరుండదని అన్నాను. ఆయన నవ్వలేదు, మా ఊళ్లో ఎన్నడు వానలు పడతాయని అడిగాడు.

కేటలాగులో పాట రకానికి ఒకే ఒక అక్షరం చోటుండేది. జనం పాడుకునేవాటికి ఒక గుర్తు, దేశభక్తి పాటలకు ఇంకో గుర్తు. ఆయనకు దీనిమీద పెద్ద ఫిర్యాదు. సగం పాటలు రెండూ అవుతాయి కదా అనేవాడు. ఇండోనేషియావాళ్లు మాది అనే పాటను మలయావాళ్లు మాది అంటారు, పెళ్లిలో పాడినదే జెండా దగ్గరా పాడతారు, నీ ఒక్క అక్షరంలో దాన్ని ఎక్కడ కుక్కను అని నన్ను నిలదీసేవాడు. కొత్త సిస్టంలో రెండక్షరాలు పెట్టిస్తానని మాటిచ్చాను. ఆ ఒక్క మాట నిలబెట్టుకున్నాను.

ఇంకో సంగతి. ఆయన సంవత్సరాన్ని ఎప్పుడూ ఎంపత్ లిమా అనేవాడు. నాలుగు, అయిదు. నలభై అయిదు అన్నమాట. వాళ్ల స్వాతంత్ర్యం ప్రకటించిన ఏడు. ఆ తరంవాళ్లు తమను తాము నాలుగు అయిదు వాళ్లమని గర్వంగా చెప్పుకుంటారట. ముందు పందొమ్మిది అనరు, అక్కరలేదు. ఇంకే నలభై అయిదు ఉంటుంది? ఈ మాట నేను రోజుకు పదిసార్లు విన్నాను. నా ప్రోగ్రాములో ఉన్నవీ ఆ రెండంకెలే. చెవి విన్నదాన్ని బుర్ర పట్టుకోలేదు. అది నా మొదటి తప్పు.

మే నెలలో ఆయన నన్ను వినే గదికి తీసుకువెళ్లాడు. టేపులు బయటికి ఇవ్వరు కాబట్టి, అక్కడే హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడానికి చిన్న గది ఉండేది. ఆయన తెచ్చిన టేపు వయసు మళ్లిన సరుకు. దానిమీద ప్రసారానికి పనికిరాదని ముద్ర. మొదట గరగరమనే చప్పుడు, తర్వాత పదిమంది మగవాళ్లు కలిసి పాడుతున్న ఒక పాట, అదే మెల్లని దిగులు బాణీలో. ఒక చరణం అయ్యాక ఎవరో చిన్నగా దగ్గారు. తర్వాత ఒక్క గొంతు పాడింది, బొంగురుగా, తొందరలేకుండా.

ఆ దగ్గు, ఆ గొంతు మా అన్నవి అని చెప్పాడు.

కథ ఆయన చెప్పినట్టే చెబుతాను. అన్న పేరు యూసుఫ్, మూడేళ్లు పెద్ద. ఇద్దరూ డచ్చివాళ్ల ఓడలో పనివాళ్లు, అన్న ఇంజన్ గదిలో, ఈయన వంటింట్లో. యుద్ధం అయిపోయాక, స్వాతంత్ర్యం ప్రకటించిన తమ దేశం మీదికే ఆయుధాలు మోసే ఓడలు నడపమన్నారని నావికులు సిడ్నీలో దిగిపోయారు. రేవు కూలీలు వాళ్లకు తోడు నిలిచారు. ఆ రోజుల్లో ఒక హాల్లో కూర్చుని వాళ్లు పాడుతుంటే, ఎవరో ఒక దొర పాటను డిస్కుమీద గాడిగా కోసే యంత్రం తెచ్చి రికార్డు చేశాడు. డిస్కు తర్వాత పగిలిపోయింది, పగలకముందే టేపులోకి ఎక్కించారు. యూసుఫ్ మిగతావాళ్లతో ఓడెక్కి దేశానికి వెళ్లాడు. హారూన్ గారు అప్పుడు ఆసుపత్రిలో ఉండి వెళ్లలేకపోయాడు. అన్న దగ్గరనుంచి ఒక్క ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత మనిషి ఏమయ్యాడో, ఎక్కడ పడ్డాడో ఎవరూ చెప్పలేదు. ఫోటో లేదు. ఈయన ఇక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. ప్రతి ఏడూ వాళ్ల స్వాతంత్ర్యం ప్రకటించిన ఆగస్టు పదిహేడున ఆ గదిలో కూర్చుని ఒక్కసారి వినేవాడు, అంతకు మించి అడిగేవాడు కాదు.

ఆ ఏడు అడగాల్సి వచ్చింది. అద్దె గడువు తీరి భాండాగారం ఇంకో చిన్న భవనానికి మారుతోంది. అక్కడ వినే గది లేదు. జూన్ మొదట్లో, ఒక క్యాసెట్టులోకి ఎక్కించి ఇవ్వమని రికార్డుల అధికారి కొలీన్ గారికి అర్జీ పెట్టుకున్నాడు. ఆమె మంచి మనిషే, కాకపోతే నియమాల మనిషి. జూన్ ఒకటినుంచి ఫ్రీజు, మస్తాన్ సంతకం పెడితే నాకు అభ్యంతరం లేదని నా దగ్గరికి పంపింది. ఫ్రీజు అంటే మార్పిడి పూర్తయ్యేదాకా ఏ రికార్డునూ కదపకూడదు. టేపు బయటికి తీస్తే దాని రికార్డు మారుతుంది, మారితే పాత లెక్కకూ కొత్త లెక్కకూ పొంతన కుదరదు.

నేను సంతకం పెట్టలేదు. కొత్త సిస్టం రానీండి బపాక్, అప్పుడు నేనే చేయించి ఇస్తానని చెప్పాను. ఆయన సరే నాక్ అన్నాడు. ఒక్క రికార్డుకు మినహాయింపు రాసుకోవడం అయిదు నిమిషాల పని. నిక్కచ్చిగా ఉన్నానని అప్పుడు నాకు లోలోపల కొంత సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

జులై మొదటి శనివారం మార్పిడి ప్రోగ్రాము నడిపాం. అంతకుముందు నమూనా పరీక్ష చేశాం, కేటలాగులో మొదటి వెయ్యి రికార్డుల మీద. అవన్నీ గ్రీకు, ఇటాలియన్ టేపులు. ఆ జనం ఇక్కడికి ఎక్కువగా వచ్చింది యాభైల్లో, వాళ్ల టేపులూ అప్పటినుంచే మొదలు. యాభైకి ముందు రికార్డయిన పాటలు ఉన్నది ఒక్క మలయా వరసలోనే అని నేను కనుక్కోలేదు. పరీక్ష బ్రహ్మాండంగా నెగ్గింది.

అసలు ప్రోగ్రాము నడిచాక ఎక్సెప్షన్ రిపోర్టు వచ్చింది. ప్రోగ్రాము మింగలేక కక్కిన, అంటే కొత్త సిస్టంలోకి ఎక్కని రికార్డుల చిట్టా అది. రెండువందల పైచిలుకు వరసలు. ఒక్కో వరసలో టేపు నంబరు, తప్పు నంబరు, అంతే. కాగితం కలిసొస్తుందని తేదీని అచ్చు వేయించలేదు. అన్నిటికీ ఒకటే తప్పు, ఈ-సెవెన్. రికార్డయిన తేదీ ఇంకా రాని తేదీ అని దానర్థం. నంబర్లన్నీ మలయా వరసవే.

ప్రసాద్ నా భుజం మీదుగా చూసి తేల్చేశాడు. "ఈ ఈ-సెవెన్లు ప్రతి సైట్లోనూ ఉండేవే మస్తాన్ గారూ. పోయిన చోట బోలెడు వచ్చాయి, అన్నీ టైపింగ్ మిస్టేకులే. క్లయింట్‌కి ఫార్వర్డ్ చేసేయండి, వాళ్లే చూసుకుంటారు."

నాకూ అదే తోచింది. ఆ వరస టైపు చేసింది ఎవరు? హారూన్ గారు. ఆ అద్దాలు, వణికే ఆ వేళ్లు. పాపం పెద్దాయన తప్పులు కొట్టాడు, ఒకటీ రెండూ కాదు, రెండువందలు. రిపోర్టు కొలీన్ గారికి వెళితే ఆమె పిలిచి అడుగుతుంది. పదేళ్లు ఊరికే చేసిపెట్టిన మనిషి, అందరిముందు తలవంచుకుని నిలబడాలి.

"పంపితే ఆ పెద్దాయన పరువు పోతుంది సార్," అన్నాను. "కొత్త సిస్టం గో-లైవ్ అయినాక నేనే ఒక్కోటి తీసి సరిచేస్తాలే. ఆయనకు తెలియను కూడా తెలియదు."

"మీ ఇష్టమండీ. మన సైన్-ఆఫ్‌కి అడ్డం రాకపోతే చాలు."

చిట్టాకు ఒక ఫారం జత చేయాలి. అందులో మూడు గడులు: క్లయింటు పరిశీలించాలి, మళ్లీ నడపాలి, చర్య అక్కరలేదు. నేను మూడో గడిలో గుర్తు పెట్టి సంతకం చేశాను. నా సంతకం కింద ప్రసాద్ చేశాడు. మా ఇళ్లల్లో పెద్దవాడు తప్పు చేస్తే ఎత్తి చూపించం, చాటుగా సరిదిద్దేసి ఊరుకుంటాం. అది మర్యాద అని నేర్చుకుని పెరిగాను. ఆ మర్యాదతోనే ఆ గుర్తు పెట్టాను. అడిగి ఉంటే ఆయన రెండు మాటల్లో చెప్పేవాడు. అడగకపోవడమే గౌరవమనుకున్నాను.

ఆగస్టు చివర జరగాల్సిన తరలింపు జులై ఆఖరికి ముందుకు జరిగింది. గిడ్డంగి యజమాని తొందరపెట్టాడట. ఆ వారం నన్ను పరమట్టాలో ఇంకో క్లయింటు దగ్గరికి పంపారు. నా సొరుగులోని చిట్టా సొరుగులోనే ఉంది. తరలింపు జాబితాను కొలీన్ గారు కొత్త సిస్టం నుంచి తీసింది. అందులో ఉన్న టేపులు లారీ ఎక్కాయి. లేనివాటి సంగతేమిటని ఆమె ఊరికే వదిలేయలేదు. మా ఫారం తీసి చూసింది. చర్య అక్కరలేదని రెండు సంతకాలతో రాసి ఉంది. రికార్డు లేని టేపులను వాళ్ల నియమం ప్రకారం చెరిపి, ఖాళీ టేపులుగా వాడుకుంటారు. చెరపడానికి ఒక పెద్ద అయస్కాంతపు పెట్టె ఉంటుంది. రీలును దాని మీద పెట్టి రెండు చుట్లు తిప్పితే చాలు. ఒక్కోదానికి అర నిమిషం కూడా పట్టదు. కూలీకి వచ్చిన మనుషులు ఒక పూటలో ఆ రెండువందల పైచిలుకు రీళ్లనూ తిప్పేశారు.

హారూన్ గారు ఆ వారం రాలేదు. సామాన్లు మోసేచోట ముసలివాళ్లు వద్దని ఆయన్ని ఇంట్లో ఉండమన్నారు.

ఆగస్టు పదిహేడు మంగళవారం వచ్చింది. నేను అప్పటికి కొత్త భవనంలో గ్యారంటీ సపోర్టు మీద ఉన్నాను, అంటే ఫిర్యాదులు వస్తే చూడడానికి. పొద్దున పదకొండుకు హారూన్ గారు వచ్చాడు. కోటు, నల్లని మఖ్మల్ టోపీ. వినే గది లేదు కాబట్టి ఇంజనీరు బల్ల దగ్గర వినిపిస్తానని కొలీన్ గారు ముందే ఒప్పుకుంది. నంబరు ఆయనకు కంఠతా. నేనే కొట్టాను. రికార్డు లేదని తెరమీద వచ్చింది. మళ్లీ కొట్టాను. ఆయన వరసలోని ఇంకో నంబరు చెప్పాడు, అదీ లేదు. ఇంకోటి, అదీ లేదు. ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది, ఎలా జరిగిందో మాత్రం ఇంకా తెలియలేదు.

కొలీన్ గారు ఖాళీ టేపుల అరలో వెతికి ఆ పెట్టె పట్టుకొచ్చింది. పైన హారూన్ గారి చేతిరాత, దానిమీద అడ్డంగా ఒక గీత, పక్కన ఖాళీ అని తెల్ల చీటీ. ఆయన వేయమని చేత్తో సైగ చేశాడు. ఇంజనీరు టేపు ఎక్కించాడు. ఖాళీ టేపులో వచ్చే సన్నటి బుస తప్ప ఇంకేమీ లేదు. ఆపబోతే వద్దన్నాడు. దగ్గు వచ్చే చోటు ఆయనకు తెలుసు. ఆ చోటు వచ్చినప్పుడు తల కొంచెం ముందుకు వంచాడు. ఆ చోటు దాటిపోయింది. టేపు చివరంటా అలాగే విన్నాడు. మేం ముగ్గురం నిలబడి ఉన్నాం.

తర్వాత నన్ను అడిగాడు, నీ యంత్రం దీనికి ఏ తేదీ వేసింది అని. పాత ఫైలు తీసి, ప్రోగ్రాముకు ఆ రికార్డు ఒక్కటే ఇచ్చి నడిపాను. 45 ముందు 20 వచ్చి కూర్చుంది. అప్పుడు అర్థమైంది నాకు, రెండువందల వరసలూ ఒకేసారి. ఒక్కటీ టైపింగ్ తప్పు కాదు. హారూన్ గారు నావైపు చూడకుండా తెరవైపు చూసి, అప్పటికి నేనుండను నాక్ అన్నాడు.

దాచి ప్రయోజనం లేదని అంతా చెప్పేశాను. మీరు తప్పు కొట్టారనుకున్నాను, మీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అడగలేదు అన్నాను. ప్రతి వరస కింద స్కేలు పెట్టుకుని టైపు చేశాను, రెండోసారి చదివి సరిచూశాను, నన్ను అడిగి ఉంటే బాగుండేది అని ఆయన అన్నాడు. గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే నేను ఇంటికి కొంచెం తేలిగ్గా వెళ్లి ఉండేవాణ్ణి.

తర్వాత చేయగలిగినవి చేశాం. ఇంకో నకలు ఎక్కడైనా ఉందేమోనని కొలీన్ గారు, నేను తెలిసిన ప్రతి భాండాగారానికీ ఉత్తరాలు రాశాం. ఎక్కడా లేదు. పాత ఫైలునుంచి ఆ రెండువందల పైచిలుకు రికార్డులను చేత్తో, నాలుగంకెల తేదీలతో కొత్త సిస్టంలోకి ఎక్కించాను. ఒక్కోదాని చివర టేపు ధ్వంసమైంది అని రాయాలి. హారూన్ గారు పక్కన కూర్చుని చదివేవాడు, నేను కొట్టేవాణ్ణి. అన్నగారి పాట దగ్గరికి వచ్చినప్పుడు, పాట రకం ఏమి వేయమంటారు, ఇప్పుడు రెండక్షరాలు పడతాయి అన్నాను. నీకు తోచింది వేయి, ఇప్పుడు దానికేముంది అన్నాడు. నేను రెండూ వేశాను.

ఆ పని పూర్తయ్యాక ఆయన రావడం మానేశాడు. ఆఖరి రెండు శుక్రవారాలు నమాజుకు నాకోసం ఆగలేదు. మసీదులో కనపడితే సలాం చెప్పాడు, చేయి కలిపాడు. నాక్ అని మాత్రం అనలేదు.

ప్రాజెక్టు ముగింపు నివేదికలో డేటా నష్టం అనే గడి ఉంటుంది. ప్రసాద్ అక్కడ సున్నా వేశాడు. రికార్డులన్నీ తిరిగి ఎక్కాయి కదండీ, టేపులు పోయింది ఏవి ఉంచాలి, ఏవి చెరపాలి అనే వాళ్ల రిటెన్షన్ పాలసీ వల్ల కదండీ అన్నాడు. లెక్కప్రకారం తప్పులేదు. నా వీసా ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది, ఊళ్లో ఇద్దరు ఆడపిల్లల చదువులున్నాయి. సంతకం పెట్టాను. డిసెంబరు ముప్పై ఒకటి గడిచింది, ప్రపంచంలో ఏ దీపమూ ఆరలేదు, కంపెనీ మాకందరికీ తలా ఒక ప్రశంసాపత్రం ఇచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

ఇప్పుడు సిడ్నీలోనే ద పాండ్స్‌లో పెద్దమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆదివారం ఎవరింట్లోనైనా పెరట్లో మాంసం కాల్చుకు తినే బార్బీ విందు అంటే అక్కడ ఐటీ పిల్లలు కలుస్తారు. నేను వైటూకే కాలంవాణ్ణని తెలిస్తే నవ్వుతారు. "అంకుల్, అదంతా బిల్డప్ కదా? ఎండ్ ఆఫ్ ద డే ఏమీ జరగలేదుగా," అంటారు. అవును, ఏమీ జరగలేదని నా సంతకంతో రాసి ఉంది అంటాను. వాళ్లు దాన్ని జోకు అనుకుంటారు.

ఆ తర్వాత పదిహేడేళ్లు ఉద్యోగం చేశాను, మూడు కంపెనీల్లో, చివరకు ప్రసాద్ కుర్చీలాంటి కుర్చీలోనే. నా చేతికింద పనిచేసినవాళ్లకు ఒక నియమం పెట్టాను. యంత్రం కక్కిన చిట్టాను మూసేముందు, అందులోని మొదటి రికార్డు ఎవరు రాశారో కనుక్కుని, వెళ్లి ఆ మనిషిని అడగాలి. పెద్దవాళ్లయినా, నొచ్చుకుంటారనుకున్నా అడగాలి. చాలామందికి ఇది చాదస్తంగా కనపడేది. వేరే ఊళ్లో ఉన్న మనిషిని ఎలా అడగాలి, రిటైరైన మనిషిని ఎలా అడగాలి అనేవాళ్లు. నేను అడగాల్సిన మనిషి నా పక్క బల్ల దగ్గరే కూర్చునేవాడు.